కంచె యెవరి చేనికి?

పదవ తరగతి పరీక్షలు సమీపించినప్పుడు హాల్‌టికెట్టును, కలమును అంజన్న పాదములచెంత నుంచి తీసికొనిపోవుటకై పిల్లలను వెంటబెట్టుకొని కొండగట్టు ఎక్కు తల్లిదండ్రులు పెక్కురు గలరు. వారు గుట్ట దిగి కరీంనగరము-జగిత్యాల బాటకు వచ్చునప్పటికి మఱికొందఱు దేవుళ్ళు నిలువెత్తు పలకలపై వెలసి యుందురు. పెద్ద పెద్ద ర్యాంకుల అంకెలు, నవ్వు మొగముల బాలబాలికలు, వారి క్రింద ఒక కళాశాల పేరు. ఆ సమీపముననే నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాల 2007 నుండి నడచుచున్నది. దానికి ఇట్టి పలకల యక్కఱ లేదు. పలకలన్నియు అట్టి చోట్లకు దారి చూపుదుమని చెప్పు మధ్యవర్తులవి.

ఒక బాలుని ప్రతిభను ముందుగా ఎవరు చూడవలెను, ఎవరి గడపలో చూడవలెను, చూచి యేమి వాగ్దానము చేయవచ్చును అను వివాదము మన జిల్లాలకే పరిమితమైనది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇదే వివాదము 2016వ సంవత్సరమున కళాశాలల ఫుట్‌బాలు పేర రచ్చకెక్కినది. నీతి పేర వ్రాయబడు నియమములలో నీతి యెంత, స్వార్థమెంత యన్నది ఆ రచ్చలో తేటపడినంతగా మఱెచ్చటను తేటపడలేదు. కావున దానిని కొంత వివరముగా చెప్పెదము.

అమెరికావారు ఫుట్‌బాలనునది మన మైదానములలో కాలితో తన్ను ఆట కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి, శిరస్త్రాణములు ధరించి, ఒకరినొకరు నేలగూల్చుచు ముందుకు సాగు ఆట. అక్కడి విశ్వవిద్యాలయములకు అది వినోదము మాత్రమే కాదు. లక్షమందికి పైగా కూర్చుండు క్రీడాంగణములు, టెలివిజను సంస్థల ఒప్పందములు, విశ్వవిద్యాలయాధ్యక్షుల జీతమును మించిన శిక్షకుల జీతములు దాని చుట్టు అల్లుకొని యున్నవి. ఆటగాడు మాత్రము ‘విద్యార్థి’. తన పేరును, రూపమును ప్రకటనలకు ఇచ్చి డబ్బు గడించుటకు సైతము అతనికి 2021 వరకు హక్కు లేకుండెను, దక్కినది ఉపకారవేతనము. అగ్రశ్రేణి జట్టు 85 మందికి మించి ఉపకారవేతనములీయరాదని చిరకాలము నియమముండెను. ఆ 85 మంది యెవరన్నదే పోటీ యంతయు.

మిచిగన్ ఉత్తరపు చలిసీమలోని విశ్వవిద్యాలయము. మేటి ఆటగాండ్రు విరివిగా పుట్టు పంటభూములు ఫ్లారిడా, జార్జియా, అలబామా, టెక్సాసు. విశ్వవిద్యాలయము తన శిబిరమును తన ఆవరణకు దూరముగా నడుపరాదని జాతీయ క్రీడాసంఘపు నియమము. కాని అన్యుల శిబిరమునకు శిక్షకులు అతిథులుగా పోరాదని అందు లేదు. ఆ సందులో నుండి పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయము వారు 2014లో దక్షిణమునకు తొంగిచూచిరి. 2015 వేసవిలో మిచిగన్ శిక్షకుడు జిమ్ హార్బా తన పరివారముతో రాష్ట్రము వెంట రాష్ట్రము తిరిగెను. 2016 మార్చిలో వసంతకాలపు సెలవులలో జట్టునే ఫ్లారిడాకు తరలించి అభ్యాసము చేయించెను.

దక్షిణపువారికి కన్ను కుట్టినది. అక్కడి రెండు మహాసంఘములు, ఆగ్నేయ సంఘమును, అట్లాంటిక్ తీర సంఘమును, తమ శిక్షకులు తమ ఆవరణకు 50 మైళ్ళు దాటి అట్టి శిబిరములకు పోరాదని స్వయముగా కట్టడి చేసికొని యుండెను. పంట తమ పెరటిలోనే పండుచుండగా పొలిమేర దాటనని వ్రతము పట్టుట కష్టము కాదు. ఆ వ్రతమును అందఱిపై రుద్దవలెనని వారు జాతీయ క్రీడాసంఘమును కోరిరి. విద్యార్థులకు సెలవులు వలదా? శిక్షకులకు కుటుంబములు లేవా? ఇవి వారు చెప్పిన హేతువులు. 2016 ఏప్రిల్ 8వ తేదీన నిషేధము నెగ్గినది. పసిఫిక్ తీరపు సంఘ ప్రతినిధి తన సంఘములోని అధిక సంఖ్యాకుల యభిప్రాయమునకు విరుద్ధముగా నిషేధమునకు ఓటు వేసెనని పిమ్మట బయటపడెను.

నిషేధము మిచిగన్ మెడకు బిగిసినదా? లేదు. అంతటి విశ్వవిద్యాలయము విమానములు పంపియైనను బాలురను రప్పించుకొనగలదు. ఉరి బిగిసినది బీదబాలునికి. ఎట్లనగా, పెద్ద విశ్వవిద్యాలయపు శిబిరమునకు వందలకొలది బాలురు వత్తురు. వారిలో ఆ విశ్వవిద్యాలయమునకు కావలసినవారు నలుగురైదుగురు. మిగిలినవారిని చూచుటకై చిన్న కళాశాలల శిక్షకులును అక్కడనే నిలిచియుందురు. ఐదాఱు కళాశాలలకు తిరుగుటకు ప్రయాణపు ఖర్చులు లేని బాలుడు ఒక్క దినమున, తన యింటికి దగ్గఱలో, పదిమంది కంటబడును. వారిలో ఎవరో యొకరు ఉపకారవేతనమిత్తురు. ఆ వాకిలి మూతపడినది. బాలురును, వారి పాఠశాలల శిక్షకులును బహిరంగముగా మొఱపెట్టిరి. సరిగా ఇరువది దినములకు, ఏప్రిల్ 28న, జాతీయ సంఘపు నిర్వాహకవర్గము ఆ నిషేధమును రద్దు చేసినది.

రద్దయిన మఱునెలలో ఆగ్నేయ సంఘము వారు తమ 50 మైళ్ళ వ్రతమును విడిచిపెట్టిరి. వారి శిక్షకులును మూటాముల్లె సర్దుకొని శిబిరములకు బయలుదేరిరి. కుటుంబ జీవనమును గూర్చిన చింత ఆ వేసవిలో ఏమయ్యెనో మాకు తెలియదు.

అట్లని మిచిగన్ పక్షమును ధర్మపక్షమని మేము చెప్పబోము. బీదబాలురకు అవకాశమని చాటినవారు శిబిరములను పెట్టినది ఆటగాండ్రు దండిగా దొరకు సీమలలోనేగాని దొరకని సీమలలో కాదు. మాట యిచ్చిన బాలునికి సంతకముల దినము దగ్గఱపడిన తరువాత స్థానము లేదని చెప్పిరను నింద 2016 జనవరిలోనే ఆ జట్టుపై వచ్చినది. స్వేచ్ఛను బోధించిన ఆ శిక్షకునికే, కలియరాని కాలములో బాలురను కలిసిన నేరమునకును, విచారణకు సహకరింపని నేరమునకును, 2024 ఆగస్టులో జాతీయ సంఘము నాలుగేండ్ల నిర్బంధము విధించినది. అప్పటికి ఆయన వృత్తిక్రీడా జట్టునకు వెడలిపోయి యుండెను.

2017లో రాజీ కుదిరినది. జూన్, జూలై మాసములలో పదిదినములు మాత్రమే శిబిరములు. అవియు కళాశాలల ఆవరణలలోగాని వారు వాడు మైదానములలోగాని జరుగవలెను. మంచిదే. కాని ఈ వాదములన్నియు డబ్బు ముఖమెఱుగని విద్యార్థి యను కల్పనపై నిలిచినవి. 2025 జూన్ 6న న్యాయస్థానమొక ఒప్పందమును ఆమోదించుటతో విశ్వవిద్యాలయములే ఆటగాండ్రకు నేరుగా డబ్బు చెల్లించు దినములు వచ్చినవి. మొదటి సంవత్సరమునకు ఒక్కొక్క విశ్వవిద్యాలయపు గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పావనమని కాపాడబడిన కంచె లోపల ఉన్నది అంగడియే యని ఇప్పుడు అందఱును ఒప్పుకొన్నారు.

మన దేశపు ఫుట్‌బాలులోను ఈ కథకు ఛాయలున్నవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు నగర పోలీసు జట్టు వెనుక నున్నది సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుని చూపు. సికింద్రాబాదు దగ్గఱి అమ్ముగూడలో బీదయింట పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను పట్టుకొని 1956 ఒలింపిక్ జట్టు వఱకు నడిపించినది ఆ చూపే. 1957లో బలరామ్ కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టునకు పోయెను. మన ఆటగాండ్రను కలకత్తావారు ఎత్తుకొనిపోవుచున్నారని వాపోవుట మనకు పరిపాటి. కాని బలరామ్‌కు జీవితమంతయు నిలిచిన కీర్తి కలకత్తాలోనే దక్కినది. ఆయన 2023లో కన్నుమూసినదియు ఆ వంగభూమిలోనే. ఇక్కడ కంచె కట్టి ఆపియున్నచో ఎవరికి లాభము?

ఇక మన కళాశాలల సంగతి. మన వేట ఆటగాండ్రకు గాదు, ర్యాంకులకు. ఇంటర్మీడియట్ ప్రవేశమునకు ఏ కళాశాలయు పరీక్ష పెట్టరాదు, పదవ తరగతి ఫలితమును బట్టియే చేర్చుకొనవలెను, బోర్డు ప్రకటించిన కాలమునకు ముందు చేర్చుకొనరాదు. నియమమిది. ఆచరణ యేమి? ‘ప్రతిభాపరీక్ష’ యని పేరు మార్చి పదవ తరగతి నడుచుచుండగనే పరీక్ష పెట్టుదురు. అది ప్రవేశమునకు కాదట, రుసుములో రాయితీకట! ఫలితములు రాకముందే ఏజెంట్లు ఊరూర తిరిగి బడిపిల్లల పేర్లు, తండ్రుల ఫోను నంబర్లు సంపాదింతురు.

హైదరాబాదు కళాశాలలు మా పిల్లలను తన్నుకొనిపోవుచున్నవని కరీంనగరపు యాజమాన్యములు గగ్గోలు పెట్టును. అదే మాటను కరీంనగరమువారిని గూర్చి జగిత్యాలవారు, జగిత్యాలవారిని గూర్చి మండల కేంద్రములవారు అందురు. నియమమును కఠినముగా అమలు జరుపుడని విన్నవించువారి ఏజెంట్లే మఱునాడు మల్యాలలోను, కొడిమ్యాలలోను తలుపులు తట్టుచుందురు. ప్రభుత్వము సైతము ఈ విషయమున నిష్కళంకము కాదు. ఇతరులకు ప్రవేశపరీక్ష కూడదన్న ప్రభుత్వమే తన గురుకుల జూనియర్ కళాశాలలకు పరీక్ష పెట్టి యెంచుకొనుచున్నది. తన గురుకులములలోని చుఱుకైనవారిని ఏరి గౌలిదొడ్డి వంటి కేంద్రములకు పంపుచున్నది. ఆ యేరుటను మేము తప్పుపట్టము; ఎందఱో దళిత బాలబాలికలు ఆ దారిన పై చదువులకు పోయినారు. తనకు మేలైనది పరులకు పాపమెట్లయినదో చెప్పుమని మాత్రము అడుగుచున్నాము.

మా యభిప్రాయము దాచుకొనము. శిబిరమును, పరీక్షను నిషేధించుట దండుగ. పేరు మార్చుకొని అవి మరల పుట్టును. ఎవరు వచ్చి చూచినను చూడనిండు. కాని చూచుట బడిలో, పగటివేళ, ప్రధానోపాధ్యాయుని యెదుట, తల్లిదండ్రులు వినుచుండగా జరుగవలెను. ఒకనాడు ఒకే యావరణలో చిన్న కళాశాలలకును, ప్రభుత్వ కళాశాలకును పెద్దవారితో సమానముగా బల్ల వేయవలెను. ఊరూర తిరిగి పిల్లలను పిలుచుకొనివచ్చు ప్రభుత్వ కళాశాలల అధ్యాపకులు మన జిల్లాలలో ఉన్నారు. వారికి పలకలు లేవు, బల్ల యైనను ఉండనిండు.

వాగ్దానము సంగతి ఇంతకంటె ముఖ్యము. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో శిక్షణాసంస్థల ప్రకటనలకు హద్దులు గీచినది. నెగ్గిన విద్యార్థి సమ్మతి లేక అతని చిత్రమును వాడరాదు. అతడు నిజముగా ఏ తరగతి చదివెనో దాచరాదు. ఒకే ర్యాంకును నాలుగు సంస్థలు తమదని చాటు వింతకు అది కొంత మందు. అయితే చేరిన పిల్లవాడు ఇమడలేక మఱొక చోటికి పోదలచినపుడు? విశ్వవిద్యాలయములు, వాటి కళాశాలలు విద్యార్థుల అసలు ధ్రువపత్రములను పట్టియుంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఆదేశించినది. ఆ సంఘపు అధికారము ఇంటర్మీడియట్ కళాశాలలపై లేదు. పదునాఱేండ్ల పిల్లవాని పదవ తరగతి మెమో, బదిలీపత్రము కార్యాలయపు బీరువాలో ఉన్నంతకాలము, రెండవ సంవత్సరపు రుసుము కట్టినగాని అవి రావని చెప్పినంతకాలము, ఎవరు ఎవరిని ఎత్తుకొనిపోయిరను తగవునకు అర్థము లేదు. బోర్డు ప్రవేశ ప్రకటనలో అన్నిటికంటె ముందుగా ఉండవలసిన వాక్యము ఆ బీరువాను గూర్చినది.

రాయితీ మాట మఱొకటి. ప్రతిభాపరీక్షలో నెగ్గెనని చెప్పి, రుసుము సగమని, మెస్సు ఉచితమని ఏజెంటు కరపత్రపు వెనుక కలముతో వ్రాసి తండ్రి చేతికిచ్చును. ఆ తండ్రి దానిని మడిచి అంజన్న కుంకుమ పొట్లముతో కలిపి చొక్కాజేబులో పెట్టుకొనును. ఆ కాగితముపై కళాశాల ముద్ర యుండదు. ఒక ఫోను నంబరు ఉండును.