ఫెయిలయినోడు రిజల్ట్ నాడే ఎందుకు కనవడుతున్నడు?

మొన్న మా వాడకట్టు పిలగాడొకడు ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. సర్కారు జూనియర్ కాలేజీల ఇంటర్ చదివి, హైదరాబాద్ పక్కన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్‌ల చేరిండు. మొదటి సెమిస్టర్ల సి ప్రోగ్రామింగ్ పోయింది. "కాకా, గిది నా బుర్రకు ఎక్కది. బంద్ జేసి డిగ్రీల చేరుత" అన్నడు.

ల్యాబ్ రికార్డు తీయమన్న. ముత్యాల్లెక్క రాసిండు. ప్రతి ప్రోగ్రాం కింద సారు ఎర్రపెన్ను సంతకం ఉన్నది. అండ్ల ఒక్కటి సుత తాను సొంతంగ నడిపించలే. పక్కోని రికార్డు చూసి దించిండు.

నాకు పిలగాని మీద కోపం రాలే, ఆ సంతకాల మీద వచ్చింది. వారం వారం సంతకం పెట్టినోళ్లకు వీడు మునుగుతున్నడని ఒక్కసారన్న కనవడలేదా?

ఇది మా ఊరి ముచ్చటే కాదు. 15 దేశాలల్ల 161 మొదటి ప్రోగ్రామింగ్ కోర్సుల లెక్కలు కూడబెట్టి వాట్సన్, లీ అనే ఇద్దరు పరిశోధకులు 2014ల ఒక పేపర్ రాసిండ్రు. సగటున పాసైనోళ్లు 67.7 శాతమే. అంటె ముగ్గురిల ఒకడు అటో ఇటో జారిపోతున్నడు. గంత పెద్ద గుంపును "బుర్ర లేనోళ్లు" అని అనుడు కుదరదు.

కొందరు అననే అన్నరు. లండన్‌ల డెహ్నాడి, బోర్నాట్ అనే ఇద్దరు 2006ల ఒక పేపర్ తిప్పిండ్రు. కోర్సు మొదలుగాక ముందే చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తది, ఎవరికి రాదు అని విడదీయొచ్చన్నరు. "కొందరికి పుట్టుకతోనే రాదు" అనెటోళ్లకు అది మంచి ఆసరా అయింది. 2014ల బోర్నాటే ఆ మాట వాపస్ తీసుకున్నడు. వాపస్ తీసుకున్న సంగతి మన స్టాఫ్ రూముల దాక రాలేదనుకుంట. "ఇంటర్ల తెలుగు మీడియమా? అయితె కష్టమే" అనే మాట ఇంకా నడుస్తనే ఉన్నది.

మరి ముందుగాల ఎట్ల కనిపెట్టాలె? న్యూజిలాండ్‌ల రాబిన్స్ అనే సారు 2010ల ఒక సంగతి చెప్పిండు. ప్రోగ్రామింగ్‌ల పాఠాలు గొలుసు లెక్క ఒకదానికొకటి తగులుకొని ఉంటయి. మొదటి కొండి పట్టు దొరికినోనికి రెండోది అల్కగైతది, జారినోనికి ఇంక బరువైతది. అందుకే మొదటి మూడు నాలుగు వారాలే అసలు కాలం. మిడ్ పరీక్ష మార్కులు వచ్చేసరికి పిలగాడు లూపుల కాడ కాదు, వేరియబుల్ కాడనే ఆగిపోయి ఉంటడు.

ఇంకో ఆనవాలు ల్యాబుల్నే దొరుకుతది. జాడుడ్ అనే పరిశోధకుడు ఇంగ్లాండ్‌ల కొత్త పిల్లలు కంపైల్ కొట్టే తీరును గమనించిండు. తప్పు రావుడు తప్పు కాదు, అందరికీ వస్తది. అదే తప్పు, అదే జాగల, మళ్లమళ్ల వస్తున్నదంటె వాడు చిక్కుకున్నట్టు. నాకు గీ సంగతి ఎరుకే. నేను కాలేజీల కాదు, నెట్ సెంటర్ల కూసోని నేర్చుకున్నోన్ని. టర్బో సిల సెమికోలన్ మరిచిపోతె 'స్టేట్‌మెంట్ మిస్సింగ్' అంటది, చూపెట్టుడు మాత్రం కింది లైన్‌ను చూపెడ్తది. తప్పు పైన, వేలు కింద! ఒక పూటంత నేను కింది లైన్నే కొట్టేసి రాసుడు, రాసి కొట్టేసుడు. ఎన్క నిలబడి చూసెటోడు ఉంటె రెండు నిమిషాల పని.

మన కాలేజీలల్ల జాబితాలు లేవని కాదు. న్యాక్ వాళ్లు అడుగుతరని 'స్లో లర్నర్స్' పేరుతోని ఫైలు పెడ్తరు. నేను చూసిన కాడ అది మిడ్ మార్కులు చూసి నింపేదే. పేరు ఎక్కినోనికి సిగ్గు తప్ప ఇంకేం దక్కలే. గందుకే నేను జాబితా కావాలె అంటలేను. మూడో వారం పది నిమిషాల కాగితం పెట్టుండ్రి, మార్కులు వేయకుండ్రి. వైవాల నిర్వచనం అడుగుడు బంద్ జేసి "ఈ లైన్ తీసేస్తె ఏమైతది?" అని అడుగుండ్రి, తెలుగుల చెప్తె తెలుగుల్నే వినుండ్రి. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చినంక ఇది ఇంకా అవసరం. కోడ్ కూడ రికార్డు లెక్కనే ముత్యాలు పేరిస్తున్నది, ఎన్క మునిగేటోడు అసలే కనవడడు. హాస్టల్ల లాప్‌టాప్ లేక ల్యాబ్ గంట మీదనే బతికే పిల్లల్ని ముందుగాల చూడాలె.

మా పిలగాన్ని నేను ఒకటే అడిగిన. ఎ ల పది, బి ల ఇరవై. ఎ ఈజ్ ఈక్వల్ టు బి అని రాస్తె ఏమైతది?

"ఎ ల ఇరవై, బి ఖాళీ" అన్నడు.

"ఎట్లరా?"

"సారు వేరియబుల్ అంటె డబ్బా అన్నడు కద కాకా. ఇండ్లది అండ్ల పోస్తె ఇది ఖాళీయే కద!"

వాని లెక్క వానికి సరిగ్గనే ఉన్నది. డబ్బా ముచ్చట చెప్పినోళ్లు, పోసుడు కాదు చూసి రాసుకొనుడు అని చెప్పలే. పలక తెచ్చి రెండు గడులు గీసిన. ఒక గడిల ఉన్నది చూసి పక్క గడిల రాయమన్న, పాతది తుడువమన్న. సుద్దముక్క పట్టుకొని కొంచెంసేపు ఉలుకలేదు పలుకలేదు. తర్వాత అన్నడు: "అయితె కాకా, రెండో వారం నుంచి నేను చదివిందంత తప్పేనా?"

సప్లిమెంటరీకి ఫీజు కట్టిండు. పొద్దుమీకి వస్తున్నడు. ఇప్పుడు ఫర్ లూప్ కాడ ఉన్నం.