స్క్రూడ్రైవర్ కంటే ముందు కాగితం పట్టండి

మాదాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట హాస్టళ్లలో దాదాపు ప్రతి గదిలోనూ ల్యాప్‌టాప్ ఉంటుంది. చాలావాటికి ఈఎంఐ కట్టేది ఇంట్లోవాళ్లు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని అడిగితే స్టిక్కర్ చూసి చెప్తారు. 'మీ పనికి అదే ఎందుకు?' అని అడిగితే మాత్రం 'షాపువాళ్లు ఇదే బెస్ట్ అన్నారు' అంటారు.

డెస్క్‌టాప్ విషయంలో ఈ పరిస్థితి మార్చుకునే వీలుంది. విడిభాగాలు కొని, సొంతంగా బిగించుకోవచ్చు. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి, డబ్బు జేబులో పెట్టుకుని మార్కెట్‌కు బయల్దేరేవాళ్లూ ఉన్నారు. నేను చెప్పేది వాళ్ల కోసమే. బిగించడం ఒక పూట పని. దానికి ముందు రెండు వారాలపాటు కాగితం మీద చేసేదే అసలు చదువు. ఇంట్లోవాళ్ల డబ్బును కాపాడేదీ, రేపు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి పనికొచ్చేదీ ఆ కాగితమే.

ఏం పనికి? ఒక్క వాక్యంలో రాయండి

'కోడింగ్‌కి' అని రాస్తే సరిపోదు. జావా, పైథాన్ నేర్చుకోవడానికీ వెబ్ ప్రాజెక్టులకీ సాధారణ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే హాయిగా పనవుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి నడపాలంటే 16 జీబీ కావాలని గూగులే చెబుతోంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ పనికైతే గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించాలి.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్నాం కాబట్టి ఖరీదైన కార్డు తప్పదని చాలామంది ఇంట్లో ఒప్పించేస్తారు. మొదటి ఆరు నెలల పాఠాలకు గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూ చాలు. ఆ తర్వాత నిజంగా అవసరమైతే కార్డు అప్పుడు కొని అదే సిస్టమ్‌లో పెట్టుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. గేమ్స్ కోసమే కావాలంటే అలాగే రాయండి, తప్పేం లేదు. కాకపోతే కాగితం మీద అబద్ధం రాస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

అసలు డెస్క్‌టాపే కావాలా?

అందరికీ డెస్క్‌టాప్ కరెక్ట్ కాదు. ఆరు నెలలకోసారి పీజీ మారేవాళ్లు, ఇన్‌స్టిట్యూట్‌కు సిస్టమ్ తీసుకెళ్లాల్సినవాళ్లు, గదిలో టేబుల్‌కు చోటు లేనివాళ్లు ల్యాప్‌టాప్ తీసుకోవడమే మంచిది. ఇంట్లో ఉండి చదువుకునేవాళ్లకూ, నలుగురైదుగురు కలిసి ఫ్లాట్‌లో ఉండేవాళ్లకూ డెస్క్‌టాప్ బాగా సరిపోతుంది.

ఇంకో సంగతి. కంపెనీల ఆన్‌లైన్ పరీక్షలు చాలావరకు కెమెరా ముందు కూర్చుని రాయాల్సినవే. డెస్క్‌టాప్‌కు కెమెరా, మైక్ ఉండవు, విడిగా కొనాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, డెస్క్‌టాప్ టక్కున ఆగిపోతుంది. కోడింగ్ రౌండ్ మధ్యలో అలా జరిగితే బాధ ఎవరిదో చెప్పక్కర్లేదు. అందుకే వెబ్‌క్యామ్, మైక్, యూపీఎస్ మూడింటినీ మొదటిరోజే లిస్టులో రాయండి.

ఒకదానికొకటి అతకాలి

ప్లాన్ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. ప్రాసెసర్ ఎంచుకోగానే దాని సాకెట్ ఏంటో రాసుకోవాలి. ఏఎండీలో ఏఎం4, ఏఎం5 వేర్వేరు, ఒకదాని ప్రాసెసర్ మరోదానిలో కూర్చోదు. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ1700 సాకెట్ కావాలి. 2022లో వచ్చిన ఏఎం5ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. తర్వాత ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకునేవాళ్లకు ఇలాంటి మాట పనికొస్తుంది.

తర్వాత ర్యామ్. ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే పనికొస్తుంది. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. ర్యామ్ స్టిక్ మీది గాటు రెండింటికీ వేర్వేరు చోట ఉంటుంది కాబట్టి ఒకటి మరోదానిలో పట్టదు. బోర్డు పూర్తి మోడల్ పేరు చూడకుండా ర్యామ్ కొంటే మళ్లీ షాపుకు వెళ్లాల్సిందే.

పేరు చివర ఒక్క అక్షరంతోనూ కథ మారుతుంది. ఇంటెల్ కోర్ ఐ5-12400లో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. 12400ఎఫ్‌లో ఉండవు. అలాగే రైజెన్ 5 5600జీలో ఉంటాయి, 5600లో ఉండవు. గ్రాఫిక్స్ లేనిది చవగ్గా వచ్చిందని తీసుకుని, విడిగా కార్డు కొనకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు.

పవర్ సప్లైకి, అంటే మన షాపుల భాషలో ఎస్ఎంపీఎస్‌కు, కూడిక వేయాలి. ఉదాహరణకు రైజెన్ 5 7600కు కంపెనీ ఇచ్చే లెక్క 65 వాట్లు, ఆర్టీఎక్స్ 4060కి 115 వాట్లు. అయినా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా సూచిస్తుంది. మిగతా భాగాలకూ, ఒక్కసారిగా పెరిగే వాడకానికీ చోటుండాలి కదా! క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్‌తో డబ్బు మిగిలిందనుకోవద్దు. అది పాడైతే మిగతావాటినీ తనతో తీసుకుపోవచ్చు.

చివరిగా కొలతలు. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ అయితే 244 చదరం వరకు ఉంటుంది. క్యాబినెట్‌లో ఏది పడుతుంది, గ్రాఫిక్స్ కార్డు పొడవు ఎంతవరకు పడుతుంది, కూలర్ ఎత్తు ఎంత ఉండొచ్చు... ఇవన్నీ దాని స్పెసిఫికేషన్ పేజీలో ఉంటాయి. పీసీపార్ట్‌పికర్ లాంటి ఉచిత సైట్లు చాలా తేడాలను పట్టేస్తాయి. అయినా చివరి మాట మదర్‌బోర్డు కంపెనీదే. ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో ఆ కంపెనీ సైట్‌లోనే ఉంటుంది.

బడ్జెట్ అంటే డబ్బా ఒక్కటే కాదు

'40 వేలలో సిస్టమ్' అని మొదలుపెట్టి 60 వేల దగ్గర తేలేది ఎందుకంటే మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్, విండోస్ లైసెన్సు లెక్కలో లేకపోవడం వల్లే. అన్నీ రాసి, పైన పది శాతం పక్కన పెట్టండి. లైసెన్సుకు డబ్బు లేకపోతే ఉబుంటు లాంటి లినక్స్ ఉచితం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు లినక్స్ రావడం నష్టమేం కాదు. యూపీఎస్ విషయంలోనూ వాట్లు చూడండి. మార్కెట్లో దొరికే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు పెద్దఎత్తున వెళ్లిపోవడం దీనికి ముఖ్య కారణం. మైక్రాన్ అయితే మామూలు వినియోగదారులకు అమ్మే 'క్రూషియల్' వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఆ మైక్రాన్ ఇంజినీరింగ్ కేంద్రం మన హైదరాబాద్‌లోనూ ఉంది. అందుకే పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మొద్దు. మీరు రాసుకున్న ధర పక్కన తేదీ కూడా వేయండి. ఇప్పటికి ఒక 16 జీబీ స్టిక్ తీసుకుని, ఖాళీ స్లాట్ ఉంచుకోవడం కూడా ప్లానే.

ఆఫీసులు వదిలేసిన పాత డెస్క్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. తీసుకోవచ్చు, కానీ చూసి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా కుదురుతుంది. అంతకంటే పాతదైతే లినక్స్‌కే అని ముందే అనుకుని కొనండి.

కాగితంతో సికింద్రాబాద్‌కు

హైటెక్ సిటీ స్టేషన్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే అమీర్‌పేట మీదుగా, రైలు మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. అక్కడికి దగ్గర్లోనే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అనేది దాన్నే. కంప్యూటర్ విడిభాగాలకు జంటనగరాల్లో అందరూ చెప్పే చోటు అదే. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ కొనొద్దు. మూడు షాపుల్లో కొటేషన్ తీసుకుని వచ్చేయండి. 'బి-సిరీస్ బోర్డు', '500 వాట్స్ ఎస్ఎంపీఎస్' అని రాసిస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ, పూర్తి మోడల్ నంబర్ రాయమనండి. అప్పుడే మూడింటినీ పోల్చగలరు, ఆన్‌లైన్ ధరతోనూ సరిచూడగలరు.

'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం' అనే మాట ఎక్కడైనా వినపడొచ్చు. ఆ తగ్గింపు మీద ఆశ పెట్టుకోవద్దు. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్లు ఉంటే వారంటీ అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. ఏ భాగానికి ఎన్నేళ్ల వారంటీ, సర్వీసు సెంటర్ నగరంలోనే ఉందా అన్నది కూడా కాగితంలో ఒక గడి.

'షాపువాళ్లే బిగించి ఇస్తారు కదా' అంటారా? ఇస్తారు. సమయం లేకపోతే అలాగే చేయించుకోండి. కానీ లిస్టు మాత్రం మీదే అయ్యుండాలి.

బిగించే రోజు

బిగించే క్రమం కూడా ముందే రాసుకోండి. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్, కూలర్ అమర్చండి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలపాలి, నొక్కొద్దు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లుంటే మామూలుగా రెండో, నాలుగో స్లాట్‌లలో పెడతారు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి. మధ్యమధ్యలో ఇనుప క్యాబినెట్‌ను ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

24 పిన్నుల కేబుల్‌తో పాటు ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నులదీ పెట్టి, బయటే ఆన్ చేసి బయోస్ స్క్రీన్ చూడండి. అది కనిపించాకే క్యాబినెట్‌లోకి. అప్పుడు లోపల బిగించాక ఏదైనా ఆగితే, తప్పు ఎక్కడుందో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. స్క్రీన్ రాకపోతే కంగారొద్దు. గ్రాఫిక్స్ కార్డు ఉండగా మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టారా, ర్యామ్ పూర్తిగా కూర్చుందా, 8 పిన్నుల కేబుల్ మరిచారా... ఒక్కోటి మార్చి చూడండి. ఏం మార్చారో, ఏమైందో రాసుకోండి. చివర్లో ఓ రాత్రంతా మెమరీ టెస్ట్ నడపండి.

ఉద్యోగానికి దీంతో పనేంటి?

సూటిగా చెప్పుకొందాం. పీసీ బిగించినంత మాత్రాన ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. డీఎస్ఏ, ప్రాజెక్టులు, ఇంగ్లిష్ వీటన్నిటి బదులు ఇది చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. 'క్లౌడ్ కాలంలో హార్డ్‌వేర్ దేనికి?' అన్న ప్రశ్నలోనూ కొంత న్యాయం ఉంది.

కానీ ఆ క్లౌడ్ ఎక్కడుంది? అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అక్కడి సర్వర్లలోనూ ఉన్నవి ఇవే ర్యామ్, ప్రాసెసర్, పవర్ సప్లైలు. ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలు కూడా ఈ నగరంలో ఉన్నాయి. వాలిడేషన్, ఫర్మ్‌వేర్, సిస్టమ్ సపోర్టు, డేటా సెంటర్ ఆపరేషన్స్ లాంటి ఉద్యోగాల్లో బోర్డు ముందు కూర్చుని తప్పు వెతికే అలవాటుకు విలువ ఉంటుంది. ఈసీఈ, ఈఈఈ, డిప్లొమా విద్యార్థులు అందరితోపాటు ఒకే క్యూలో నిలబడే ముందు ఈ వైపు కూడా చూడాలి.

శుద్ధ సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకైనా ఒక లాభం ఉంది. ఇంటర్వ్యూలో ఏ ప్రాజెక్టు మీదైనా వచ్చే ప్రశ్న ఒకటే: 'ఇదే ఎందుకు తీసుకున్నావు? రెండోది ఎందుకు వద్దనుకున్నావు?' ఇంటర్నెట్ నుంచి దించుకున్న ప్రాజెక్టు అక్కడే చతికిలపడుతుంది. అవసరం రాసుకుని, ఉన్న డబ్బులో సర్దుకుని, ఏది దేని మీద ఆధారపడుతుందో చూసి, ఒక్కోటి పరీక్షించినవాళ్లు ఈ ప్రశ్నకు తడుముకోరు. రెజ్యూమెలో 'హార్డ్‌వేర్ పరిజ్ఞానం ఉంది' అని రాసే బదులు 'ఫలానా బడ్జెట్‌లో, ఫలానా పనికి డెస్క్‌టాప్ ప్లాన్ చేసి బిగించాను' అని ఒక్క లైను రాయండి. అడిగితే ఆ కాగితమే మీ సమాధానం.

ఇప్పుడు కొనే స్తోమత లేదా? ఫర్వాలేదు, కాగితానికి ఖర్చులేదు. మీ స్నేహితుడో, ఊళ్లో మీ బాబాయి కొడుకో సిస్టమ్ కొనబోతుంటే వాళ్ల పనిని, వాళ్ల బడ్జెట్‌ను తీసుకుని లిస్టు మీరు రాయండి. పని, భాగం, పూర్తి మోడల్, దేనితో అతకాలి, ధర-తేదీ, వారంటీ, ఎందుకు... ఏడు గడులు గీయండి. మొదట పూర్తిచేయాల్సింది ఆ చివరి 'ఎందుకు' గడి. అది ఖాళీగా ఉన్నంతవరకు షాపు మెట్లెక్కొద్దు.