ఫంక్షన్‌కి లిస్ట్ ఇచ్చా, 200 రూపాయల గ్లాస్ 162 అయింది

గాజువాకలో మా మావయ్యకి ఫోన్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు అమ్మే చిన్న షాపు ఉంది. పోయిన సంక్రాంతికి ఆయన కోసం కాట్లిన్‌లో ఓ బిల్లింగ్ యాప్ రాశా. ఆఫర్ బటన్ నొక్కితే 10 శాతం తగ్గించిన ధరలు కనపడాలి, అంతే. మొదటి రోజు సాయంత్రమే ఫోన్. "ఏరా, 200 గ్లాసు పొద్దున్న 180 చూపించింది, ఇప్పుడు 162 అంటోంది. మన కుర్రాడు ఆ రేటుకే అమ్మేశాడు!"

తప్పు నాదే. ఫంక్షన్‌కి స్టాక్ లిస్ట్ ఇస్తే వెళ్లేది లిస్ట్ కాపీ కాదు, అదెక్కడుందో చెప్పే రిఫరెన్స్. నేనేమో లోపల ప్రతి ఐటమ్ ధరనీ అక్కడికక్కడే తగ్గించేశా. దాంతో అసలు స్టాకే మారిపోయింది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఇంకో 10 శాతం గోవిందా.

కంగారులో టులిస్ట్ పెట్టి లిస్ట్‌ని కాపీ చేశా. అయినా అదే గోల. లిస్ట్ కొత్తదే గానీ, అందులో ఉన్నవి పాత ఐటమ్సే. సంచి మారింది, సరుకు మారలేదు.

"జావా, కాట్లిన్‌లో పాస్ బై రిఫరెన్స్ లేదు బ్రో, రిఫరెన్స్‌నే వాల్యూగా పంపుతాయి" అని సరిదిద్దేవాళ్లుంటారు. నిజమే. మావయ్య గల్లాపెట్టెకి ఆ తేడా తెలీదు.

నా కోపమల్లా, కాల్ చేసే లైన్ చూస్తే లోపల ఏదో మారుతుందన్న సంగతే తెలియకపోవడం మీద. స్విఫ్ట్‌లో ఇనౌట్ పారామీటర్‌కి పంపే వేరియబుల్ ముందు & పెట్టాల్సిందే. సి షార్ప్‌లో రెఫ్ అని రాయాల్సిందే. సి ప్లస్ ప్లస్‌లో ఆ & డిక్లరేషన్‌లో దాక్కుంటుంది, కాల్ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. క్లాస్ ఆబ్జెక్ట్ అయితే స్విఫ్ట్‌లోనూ ఇదే తంటా అనుకోండి. కానీ అక్కడ అర్రేలు, స్ట్రక్ట్‌లు వాల్యూ టైపులు కాబట్టి చాలావరకు బతికిపోతాం.

అన్నీ కాపీ చేస్తే ఫోన్ స్లో అవ్వదా అంటారా? 12 మెగాపిక్సెల్ ఫొటో, పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన, మెమరీలో 48 ఎంబీ. దాన్ని ప్రతి ఫంక్షన్‌కీ కాపీ చేయమని నేననను. 300 ఐటమ్స్ ఉన్న లిస్ట్‌కి ఆ భయం అక్కర్లేదు.

చివరికి డేటా క్లాస్‌లో ధరకున్న వార్ తీసేసి వాల్ పెట్టా. ధర తగ్గించే లైన్ కింద వెంటనే ఎర్రగీత పడింది. అదే మొదట్లోనే పెట్టుంటే ఆ ఎర్రగీత సంక్రాంతికి ముందే కనపడేది. ఇప్పుడు ప్రతి ఐటమ్‌కీ తగ్గించిన ధరతో కొత్త కాపీ తయారవుతోంది, అసలు స్టాక్ జోలికి ఎవరూ వెళ్లలేరు.

పోయిన డబ్బులు నేనిస్తానంటే మావయ్య తీసుకోలేదు. ఆఫర్ బటన్ మాత్రం తీసేయమన్నాడు. తగ్గింపులు ఇప్పటికీ క్యాలిక్యులేటర్‌లోనే కొడుతున్నాడు.