గోడ కట్టమని అడిగింది భక్తులే

ప్రభుత్వ పాఠశాలల్లోని ప్రతి తరగతి గదిలో బైబిల్‌లోని పది ఆజ్ఞలను ప్రదర్శించాలని టెక్సాస్ చట్టసభ 2025లో శాసనం చేసింది. పోస్టరు వెడల్పు 16 అంగుళాలకు, ఎత్తు 20 అంగుళాలకు తగ్గకూడదు. మామూలు చూపున్నవారు గదిలో ఎక్కడ కూర్చున్నా చదవగలిగేలా అక్షరాలుండాలి. లూసియానా అంతకు ముందు ఏడాదే ఇలాంటి చట్టం తెచ్చింది. టెక్సాస్ చట్టంపై కోర్టుకెక్కిన కుటుంబాల్లో యూదులు, క్రైస్తవులు, ఏ మతమూ పాటించనివారితో పాటు హిందువులూ ఉన్నారు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ శివారు ప్లేనోలోని పాఠశాలలూ ఆ వ్యాజ్యం పరిధిలోకి వచ్చాయి. మనవాళ్ల పిల్లలు చదివే గదుల గోడల మీద సాగుతున్న వివాదమిది.

మతాన్ని రాజ్యం నుంచి వేరుచేయాలన్నది దేవుణ్ని నమ్మనివారి పట్టుదల అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చెప్పేది వేరు. వర్జీనియాలో అనుమతి లేకుండా బోధిస్తున్నారని బాప్టిస్టు ప్రచారకులను జైళ్లలో పెట్టారు. ఆ అన్యాయం చూసి చలించిన, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్, క్రైస్తవ బోధకుల పోషణకు పన్ను వేయాలన్న ప్రతిపాదనను 1785లో తీవ్రంగా ఎదిరించాడు. సర్కారు అండ మతాన్ని బలపరచదు, చెడగొడుతుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం చేసింది. కేంద్రం అధికార మతాన్ని నెలకొల్పరాదన్న అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ 1791లో అమల్లోకి వచ్చింది.

కనెక్టికట్‌లో మాత్రం కాంగ్రిగేషనల్ చర్చికి అధికార హోదా కొనసాగింది. ఇతర శాఖలవారు తాము వేరే చర్చికి చెందినవాళ్లమని పత్రం దాఖలు చేస్తేనే ఆ చర్చి పన్ను తప్పేది. తమ మతస్వేచ్ఛను హక్కుగా కాక పాలకుల దయగా చూస్తున్నారని డాన్‌బరీ బాప్టిస్టులు 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు మొరపెట్టుకున్నారు. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ గురించి ఆయన రాసింది 1802 జనవరి 1న వారికిచ్చిన జవాబులోనే. దైవభక్తి మెండుగా ఉన్నవాళ్లే ఆ గోడను కోరుకున్నారు.

బడి విషయంలో ఈ సూత్రానికి పరీక్ష 1962లో ఎదురైంది. న్యూయార్క్ విద్యాధికారులు 22 పదాల ప్రార్థన రాయించి, ఉదయం తరగతుల్లో చదివించాలన్నారు. అందులో ఏ శాఖ పేరూ లేదు. ఇష్టంలేని పిల్లలు మౌనంగా ఉండవచ్చు, బయటికి వెళ్లవచ్చు. అయినా సుప్రీంకోర్టు 6-1తో దాన్ని తోసిపుచ్చింది. ప్రజల కోసం ప్రార్థనలు రాసిపెట్టడం ప్రభుత్వం పని కాదంది. ఆ తీర్పు దేవుణ్ని బడి నుంచి వెళ్లగొట్టిందన్న ప్రచారం ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు. పిల్లలు తమంతట తాము ప్రార్థించుకోవడాన్ని ఏ కోర్టూ ఆపలేదు. ఆపింది ప్రభుత్వం చేయించే ప్రార్థననే.

పది ఆజ్ఞల పోస్టర్లు కూడా కొత్తవి కావు. కెంటకీ చేసిన అలాంటి చట్టాన్నే 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరి ఇప్పుడీ ధైర్యం ఎక్కడిది? 2022 నాటి బ్రెమర్టన్ తీర్పే కారణం. మ్యాచ్ ముగిశాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన ఫుట్‌బాల్ శిక్షకుడికి కోర్టు 6-3తో మద్దతిచ్చింది. కెంటకీ చట్టాన్ని కొట్టేసినప్పుడు వాడిన పాత కొలమానాన్ని పక్కనపెట్టి, చరిత్ర, సంప్రదాయాలే ఇకపై ప్రమాణమంది. మెజారిటీ న్యాయమూర్తులకు అందులో ఒక వ్యక్తి మౌన ప్రార్థన కనిపించింది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ సొటొమయోర్ శిక్షకుడి చుట్టూ ఆటగాళ్లు మోకరిల్లిన ఫొటోలను తన తీర్పులోనే ముద్రించారు. కలవకపోతే ఆడే అవకాశం తగ్గుతుందన్న భయంతోనే తన కొడుకు కలిశాడని ఒక తండ్రి చెప్పిన సంగతీ రికార్డులో ఉంది. జట్టులో ఎవరు ఆడాలో తేల్చే మనిషి పిలవకపోయినా, పదిహేనేళ్ల పిల్లాడికి అది పిలుపే.

పోస్టరు విషయంలో ఆపాటి సందేహానికీ తావులేదు. అక్కడ మాట్లాడేది సాక్షాత్తూ ప్రభుత్వమే. పైగా పది ఆజ్ఞల వరుస, పాఠం యూదులకు, కేథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు ఒకేలా ఉండవు. గోడకెక్కే పాఠాన్ని చట్టసభ ఖరారు చేసిందంటే, ఒక శాఖ నమ్మకానికి సర్కారు ముద్ర వేసినట్టే. మిగతా క్రైస్తవులకూ అది అన్యాయమే.

ఇదే ప్రశ్న మన గడప కూడా తొక్కింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడేవారు, పాడేవారు కాదు. బడి వాళ్లను వెళ్లగొట్టింది. 1986లో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణ చెల్లదంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి. జెండా వందనాన్ని నిర్బంధం చేయరాదన్న 1943 నాటి అమెరికా తీర్పునూ ఆయన అందులో చర్చించారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణ స్పష్టంగా చెబుతోంది.

టెక్సాస్‌లో అల్పసంఖ్యాకులుగా ఉన్న తెలుగు కుటుంబం తన బిడ్డ నుదుటి బొట్టుకు గౌరవం కోరుతుంది, మరొకరి మతాన్ని తరగతి గదిలో రుద్దవద్దంటుంది. రెండూ న్యాయమైన కోరికలే. విజయవాడలోనో వరంగల్‌లోనో సర్కారు బడిలో చదివే ముస్లిం బిడ్డ, క్రైస్తవ బిడ్డ కోరేదీ సరిగ్గా అదే. మైనారిటీగా అక్కడ అడిగే రక్షణను మెజారిటీగా ఇక్కడ ఇవ్వలేకపోతే, మనం అడిగింది న్యాయం కాదు, వెసులుబాటు మాత్రమే అవుతుంది. విశ్వాసం వ్యక్తిది. దాన్ని కాపాడాల్సిన బాధ్యత రాజ్యానిది. బోధించే పని మాత్రం రాజ్యానిది కాదు.