సముద్రపు కొలత, సీమ వాన



ఈద్‌గాహ్‌లో ఇస్తిస్ఖా నమాజు ముగిసిన తరువాత ఒక వృద్ధ రైతు మా వద్దకు వచ్చారు. వేరుశనగ విత్తి మూడు వారాలు దాటినా ఆయన చేనిపై చినుకు రాలలేదు. "మౌలానా సాబ్! మన బోర్లలో నీళ్లు లేవు. సర్కారేమో సముద్రంలోకి ఓడలు పంపి, ఆ నీళ్లలో వేడి ఎంత, గాలి ఎంత అని కొలిపిస్తున్నదంట. ఉప్పునీళ్లు కొలిస్తే మన చేను తడుస్తుందా?" అని అడిగారు. ఆ పూట మేము తగిన జవాబు ఇవ్వలేకపోయాము. ప్రశ్న న్యాయమైనది. కనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

అనంతపురం ప్రాంతానికి ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల వద్దనే చాలావరకు కురిసిపోతాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఇటు కదిలినప్పుడే మన చెరువులకు నీరు చేరుతుంది. సముద్రపు పైనీరు సుమారు 28 డిగ్రీల సెల్సియస్‌ను మించి వెచ్చగా ఉన్నప్పుడే అక్కడ మేఘాలు బలంగా పైకి లేస్తాయి. గాలులు మేఘాలను మోసుకొని వచ్చి మృతభూమికి ప్రాణం పోయడాన్ని దివ్య ఖుర్‌ఆన్ ఆరాఫ్ సూరాలో సూచనగా మన ముందుంచింది. ఆ ప్రయాణపు మొదటి మజిలీ సముద్రమే.

ఉపగ్రహానికి నీటి పైపొర వేడి మాత్రమే తెలుస్తుంది. లోతున ఉన్నదాన్ని తెలుసుకోవాలంటే నీటిలోకి దిగవలసిందే. అందుకే 1999 జూలై, ఆగస్టు నెలలలో సాగర్ కన్య, సాగర్ ధ్వని అనే నౌకలు బంగాళాఖాతంలో ఉండి రుతుపవనాలను పరిశీలించాయి. 2016 జూన్, జూలై నెలలలో సింధు సాధన అనే నౌక అదే పనిమీద వెళ్లింది. వీటికి తోడుగా ప్రపంచ సముద్రాలలో వేలాది ఆర్గో తేలుడు పరికరాలు ఉన్నాయి. అవి రెండు వేల మీటర్ల లోతు వరకు దిగి, సుమారు పది రోజులకు ఒకసారి పైకి వచ్చి లెక్కలు పంపుతాయి. మన దేశంలో ఆ లెక్కలను సేకరించేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ. వాన కబురు ముందుగా చెప్పేవారికి ఇవన్నీ ఆధారం. విత్తనం ఎప్పుడు వేయాలో తెలియక ఏటా నష్టపోయే రైతుకు ఆ కబురు విలువ చెప్పనక్కరలేదు.

ఇక నీటిలో గాలి సంగతి. చేపలు పీల్చేది నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే. నౌక నుండి సీసాల చట్రాన్ని దింపి, వేర్వేరు లోతులలో వాటిని మూయించి నీరు పైకి తెస్తారు. ఆక్సిజన్ కోసం నీటిని అన్నిటికన్న ముందుగా గాజుసీసాలోకి పడతారు. వెంటనే మాంగనీసు లవణాన్ని, క్షారం కలిసిన అయొడైడును చేరుస్తారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. ఆ మడ్డిని ఆమ్లంతో కరిగించి ఆక్సిజన్ ఎంతో లెక్క కడతారు. హంగేరీకి చెందిన వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి ఇది. నేటికీ వాడుకలో ఉన్నది. సీసాలో ఒక్క గాలిబుడగ చేరినా లెక్క తప్పుతుంది.

ఆ ఒక్క బుడగకు ఎందుకంత జాగ్రత్త? బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల దిగువ నుండి కొన్ని వందల మీటర్ల వరకు ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉన్నది. అరేబియా సముద్రంలోని అటువంటి పొరలో అది ఇంకా అడుగంటి, జీవులకు పోషకమైన నైట్రేటు వాయువుగా మారి పోతున్నది. మన వైపు సముద్రంలో లేశమాత్రం మిగిలి ఉన్నందున ఆ నష్టం అంతగా లేదు. నీరు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్‌ను తక్కువగా ఇముడ్చుకొంటుంది. 1960 తరువాత అర్ధ శతాబ్దంలో ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు రెండు శాతం కోల్పోయాయి. మిగిలిన లేశం తగ్గుతున్నదా, నిలిచి ఉన్నదా అన్నది కొలిచేవాని నిజాయితీ మీద ఆధారపడి ఉన్నది. తూకంలో మోసగించేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరాను మనం అంగడి త్రాసుకే పరిమితం చేస్తున్నాము. నడిసముద్రంలో, ఎవరూ చూడని రాత్రివేళ, ఉన్నది ఉన్నట్టు వ్రాసుకోవడమూ అమానతే.

ఈ విషయంలో మన పాత్ర కూడా ఉన్నది. పెన్నానది మన నేల మీదుగా పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించినా, వరద వచ్చిన రోజున మన చేలలో మిగిలిన ఎరువును, మన పట్టణాల మురుగును మోసుకుపోతుంది. గోదావరి, కృష్ణలతో పోలిస్తే దాని వంతు చిన్నది. అయినా అన్ని నదుల ఎరువు కలిసినప్పుడు తీరంలో నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. మానవుల చేతుల సంపాదన వల్ల నేలపైనా సముద్రంలోనూ కల్లోలం వ్యాపించిందని రూమ్ సూరా చేసిన హెచ్చరిక ఇక్కడ గుర్తుకు రావాలి.

కొలత దుఆకు పోటీ కాదు. హిజ్రీ 18వ సంవత్సరపు కరువులో హజ్రత్ ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల అధికారులకు లేఖలు వ్రాసి ధాన్యం తెప్పించారు. ప్రజలతో కలిసి వాన కోసం ప్రార్థించారు కూడా. రెండింటిలో దేనినీ వదలలేదు.

కాబట్టి భూసార పరీక్ష చేయించి అవసరమైనంత ఎరువే వేద్దాం. మన పిల్లలలో ఎవరైనా విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదువుతామంటే, మెట్టనేల వారికి సముద్రంతో పనేమిటని ఆపవద్దు.

తరువాతి జుమా నాడు ఆ రైతుకు ఇదంతా చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ ఓడలో ఉన్నవాళ్లకోసం కూడా దుఆ చేయాల్సింది సాబ్" అన్నారు. ఆ జుమా నుండి చేస్తున్నాము. అల్లాహ్ మన నేలపై కారుణ్య వర్షం కురిపించుగాక! ఆమీన్.