గుర్రమెక్కిన కథలు



గుర్రం మీద పందెం అంటే ఏదో దొరలు మనకు అంటించిపోయిన జబ్బు అనుకుంటాం గానీ, మన వాళ్ళకు ఆ ముచ్చట ఆదిపర్వం నుంచీ ఉంది. పాలసముద్రంలో పుట్టిన ఉచ్చైశ్రవాన్ని చూసి తోక నల్లగా ఉందని కద్రువ అంది. ఒళ్ళంతా తెలుపేనని వినత అంది. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు దాసి కావాలని పందెం వేసుకున్నారు. రాత్రికి రాత్రి కద్రువ తన కొడుకులైన పాములను పిలిచి తోకను పట్టుకు వేలాడమంది. తల్లి శాపానికి భయపడి కర్కోటకుడు ఒప్పుకున్నాడు. తెల్లారేసరికి తోక నల్లబడింది, వినత దాసి అయింది. ఈనాడు పత్రికలు 'ఫిక్సింగ్' అని రాసే వ్యవహారం నన్నయగారి నాటికే పాతదన్నమాట!

ఈసారి శీర్షికకు గుర్రాన్ని ఎక్కించడానికి కారణం ఒక తల్లి అడిగిన ప్రశ్న. మా హెబ్బగోడిలోనే ఉంటారావిడ, ఊరు చిత్తూరు వైపు. పదమూడేళ్ళ కూతురు ఇంగ్లీషులో గుర్రాల నవలలు తప్ప మరొకటి ముట్టుకోవడం లేదట. ఇప్పుడు గుర్రపుస్వారీ కూడా నేర్చుకుంటానంటోందట. ఇంట్లో ఉన్న నాయనమ్మ, "రేసుల పిచ్చి కొంపలు ముంచుతుంది, ఆడపిల్లకు అదేం చోద్యం?" అని ససేమిరా అంటున్నారట. "అన్నయ్యగారూ, మీరు బ్యాంకులో లెక్కలూ చూశారు, నవలలూ చదువుతారు. మీరే చెప్పండి" అన్నారావిడ.

ఇందులో మూడు సంగతులు ఒకే గాటన కట్టినట్టు నాకనిపించింది. నవల ఒకటి, పందెం ఒకటి, స్వారీ ఒకటి. విడదీసి చూద్దాం.

ముందు నవల. ఇంగ్లీషులో గుర్రాల కథలకు పెద్ద వంశవృక్షమే ఉంది. 1877లో అన్నా స్యూయెల్ అనే ఆవిడ 'బ్లాక్ బ్యూటీ' రాశారు. కథ చెప్పేది గుర్రమే. చిన్నప్పటి నుంచీ నడక సరిగా లేని ఆవిడ, బళ్ళకు కట్టిన గుర్రాల మెడలు అందం కోసం పైకెత్తి బిగించే వారుకు ఎంత బాధ పెడతాయో ఆ గుర్రం నోటనే చెప్పించారు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే ఆవిడ పోయారు. కానీ ఆ పుస్తకం చదివినవాళ్ళు ఊరుకోలేదు. ఆ వారుల ఆచారం తగ్గిపోవడానికి ఈ నవల చేసిన మేలు చిన్నది కాదు.

తరువాత 1935లో ఎనిడ్ బాగ్నాల్డ్ 'నేషనల్ వెల్వెట్' రాశారు. మాంసం కొట్టువాడి కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, లాటరీలో ఒక మచ్చల గుర్రాన్ని గెలుచుకుంటుంది. దాని మీద ఇంగ్లండులోకెల్లా కఠినమైన గ్రాండ్ నేషనల్ పందెంలో మగపిల్లాడి వేషంలో పాల్గొంటుంది. 1944లో దాన్ని సినిమాగా తీస్తే ఎలిజబెత్ టేలర్ చిన్నతనంలోనే లోకానికి పరిచయమైంది. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. నవల వచ్చేనాటికి ఆ పందెంలో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. షార్లెట్ బ్రూ అనే అమ్మాయి మొదటిసారి అందులో స్వారీ చేసింది 1977లో. ఒక మహిళ, రేచల్ బ్లాక్‌మోర్, దాన్ని గెలిచింది 2021లో. ఒక రచయిత్రి కల నిజం కావడానికి 86 ఏళ్ళు పట్టింది. కథలు ఏం చేస్తాయండీ అని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే.

మగ వేషం అంటే మనకు వెంటనే గుర్తురావలసింది రుద్రమదేవి. గణపతిదేవుడు ఆమెను కొడుకులా పెంచి రుద్రదేవ మహారాజు అని పిలిపించాడు. అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' చదివినవాళ్ళకు ఆ కథలో వీరమూ శృంగారమూ జంట గుర్రాల్లా ఎలా పరుగెత్తుతాయో చెప్పనక్కర్లేదు. ఆ నాయనమ్మగారితో, "మీ మనవరాలు అడుగుతున్నది కొత్తదేమీ కాదమ్మా, ఏడువందల ఏళ్ళ నాడే ఓరుగల్లు ఆడపడుచు గుర్రమెక్కి రాజ్యమేలింది" అనాలని నాకుంది.

ఇక పెద్దవాళ్ళ ప్రేమకథల సంగతి. జిల్లీ కూపర్ 1985లో 'రైడర్స్' అనే లావుపాటి నవల రాశారు. గుర్రాలను అడ్డంకుల మీదుగా దూకించే ఆటగాళ్ళ ప్రేమలు, పగలు, కాపురాలు అందులో సరుకు. మొదటి ప్రతిని ఆవిడ లండన్ బస్సులో మరిచిపోయి పోగొట్టుకున్నారు. ఏళ్ళ తరువాత మళ్ళీ కూర్చుని రాశారు. ఇది పిల్లల చేతికిచ్చే పుస్తకం కాదని ఆ తల్లిగారికి ముందే చెప్పేశాను. అయితే ఈ తరహా నవలలన్నిటికీ ఒక నీతి ఉంది. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది అతను ప్రియురాలితో మాట్లాడే మాటల్లో తెలియదు, గుర్రాన్ని పట్టుకునే చేతిలో తెలుస్తుంది. టాల్‌స్టాయ్ కూడా అంతే. 'అన్నా కరెనినా'లో వ్రాన్‌స్కీ పందెంలో ఒక్క క్షణం తప్పుగా కూర్చోవడంతో గుర్రం నడుం విరుగుతుంది. ప్రేమించినదాన్ని అతను ఎటు తీసుకుపోతాడో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది.

మన నవలల్లో ఆ పని కారు చేసింది. యద్దనపూడి సులోచనారాణిగారి కథానాయకుడు కారు దిగే తీరును బట్టి మన అక్కయ్యలు అతని గుణగణాలు నిర్ణయించేసేవారు. జానపద సినిమాల్లో కాంతారావుగారికి గుర్రం ఉండేది గానీ, ఆ గుర్రానికంటూ ఒక కథ ఉండేది కాదు. 1949 నాటి 'కీలుగుర్రం'లో ఉన్నది కొయ్య గుర్రం. నిజమైన పందెపు గుర్రాల నేపథ్యంతో 1985లో బాపుగారు శోభన్‌బాబు, సుహాసినిలతో 'జాకీ' తీశారు.

అంత మాత్రాన మనకు గుర్రపు ప్రేమకథ లేదనుకోకండి. అన్నిటికన్నా గొప్పది మన దగ్గరే ఉంది. అదే నలోపాఖ్యానం. ఇందాక ఉచ్చైశ్రవం తోకకు వేలాడిన కర్కోటకుడే ఇక్కడా వస్తాడు. నలుణ్ణి కాటువేసి కురూపిని చేస్తాడు. నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా కుదురుతాడు. దమయంతికి అనుమానం వస్తుంది. రేపే నాకు రెండో స్వయంవరం అని ఋతుపర్ణుడికి కబురు పంపుతుంది. అయోధ్య నుంచి విదర్భకు ఒక్క రోజులో రథం తోలగలవాడు లోకంలో ఒక్కడే. ఆ వచ్చినవాడే తన భర్త. ఆమె ఎత్తు చూడండి!

బాహుకుడు బక్కచిక్కినట్టు కనిపించే గుర్రాలను ఏరుకుంటే రాజు సందేహపడతాడు. రథం కదిలాక రాజుగారి ఉత్తరీయం జారిపోతుంది. ఆపమంటే, అది ఎప్పుడో యోజనం వెనకపడిపోయిందంటాడు బాహుకుడు. దారిలో ఒకరు అశ్వహృదయం, మరొకరు అక్షహృదయం, అంటే గుర్రాల విద్యా పాచికల విద్యా ఇచ్చిపుచ్చుకుంటారు. మేడ మీది దమయంతి ఆ రథం చప్పుడు వినే భర్తను గుర్తుపడుతుంది. జూదంలో పోయిన కాపురం గుర్రాల విద్యతో తిరిగొచ్చింది. ఆ ఇంట్లో పిల్లకు ఈ కథ తెలుగులో చెప్పేవాళ్ళుంటే, ఆమె ఇంగ్లీషు నవలలను మన కథలకు చుట్టాలుగా చూస్తుంది. మన ఊళ్ళకు దూరంగా ఉన్నవాళ్ళం చేయవలసిన పని అదేనని నా మనవి.

ఇక రెండోది, పందెం. ఇక్కడ నాయనమ్మగారిది నూటికి నూరుపాళ్ళూ నిజం. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో పందాలను మౌలాలీ నుంచి మలక్‌పేటకు తెప్పించారు. నాటి నుంచి ఎన్ని జీతాలు ఆ దారిన పోయాయో లెక్క ఎవరి దగ్గరా లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఖాతాదారు భార్య గాజులు తాకట్టు పెట్టడానికి వచ్చేవాడు. ప్రతిసారీ 'అమ్మాయి ఫీజు' అనేవాడు. వడ్డీ కట్టి విడిపించడం, మళ్ళీ పెట్టడం. మూడో ఏడు విడిపించలేదు. నోటీసు అందుకుని భార్య వచ్చినప్పుడు గానీ తెలియలేదు, వాళ్ళకు అమ్మాయే లేదని. వేలం రోజున ఆ గాజులు తూకం వేసిన చేతులు నావే. అందుకే నేను పందేన్ని వేడుకగా చూడలేను.

లెక్క చెబుతాను, పిల్లలకు కూడా చెప్పండి. పందెం కాసేవాళ్ళ డబ్బంతా ఒకచోట పోగవుతుంది. అందులోంచి ముందుగా ప్రభుత్వం పన్నూ, క్లబ్బు కమీషనూ తీసేస్తారు. మిగిలినదే గెలిచినవాళ్ళకు పంచుతారు. అంటే పందెం కాసిన జనమంతా కలిసి తెచ్చినదానికంటే తక్కువ తీసుకుని ఇంటికి వెళతారు. ఇది అదృష్టం కాదు, కూడికలూ తీసివేతలూ. గుర్రప్పందెంలో నైపుణ్యమే ప్రధానమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాట గుర్రానికీ జాకీకీ గౌరవమే. కానీ మన జేబుకు తీర్పు చెప్పేది ఆ తీసివేతే.

ఈ సంగతి నవలల్లో చక్కగా చెప్పినవాడు డిక్ ఫ్రాన్సిస్. ఆయన స్వయంగా చాంపియన్ జాకీ. 1956 గ్రాండ్ నేషనల్‌లో రాజమాత గుర్రం డెవన్ లాక్ మీద గెలుపు ఖాయం అనుకున్న క్షణాన, గమ్యానికి కొద్ది గజాల దూరంలో గుర్రం ఉన్నట్టుండి చతికిలబడింది. ఎందుకో ఈనాటికీ తేలలేదు. స్వారీ మానుకుని కలం పట్టారు. 1962లో మొదటి నవల 'డెడ్ సర్ట్' వచ్చింది. 2010లో పోయేనాటికి 40కి పైగా నవలలు రాశారు.

వాటిలో మా వృత్తివాళ్ళు తప్పక చదవవలసింది 1982లో వచ్చిన 'బ్యాంకర్'. ఒక కుర్ర బ్యాంకు అధికారి, శాండ్‌కాజిల్ అనే మేలుజాతి గుర్రాన్ని కొనడానికి గుర్రాల పెంపకందారుకు 50 లక్షల పౌండ్ల అప్పు మంజూరు చేస్తాడు. కాగితాలన్నీ సవ్యమే, హామీ ఉంది, బీమా ఉంది. తీరా పుట్టిన పిల్లలు అవకరాలతో పుడతాయి. ఆ తరువాత కథ నేను చెప్పను. కానీ ఊపిరి ఉన్న ఆస్తి మీద అప్పు ఇవ్వడం ఎంత కత్తి మీద సామో మా శిక్షణ తరగతుల కన్నా ఆ నవలే బాగా నేర్పుతుంది. అందులో ఒక ప్రేమకథ కూడా ఉంది. కథానాయకుడు మనసిచ్చింది తన పై అధికారి భార్యకు. ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ గీత దాటరు. కళ్ళెం పట్టడం తెలిసినవాడే ప్రేమను అలా రాయగలడు.

మూడోది, స్వారీ. ఇది పందెం కాదు, ఆట. మన ప్రాంతానికి గుర్రం కొత్తకాదు. అత్తిబెలె దాటి హోసూరు వెళితే, మత్తిగిరిలో ఉన్న పశువుల ఫారం 1824లో సైన్యానికి గుర్రాలను పెంచడానికి పెట్టిందే. ఇంకా వెనక్కి పోతే, గుర్రాలు దిగే రేవులను రాజు బాగా చూసుకోవాలనీ, అవి తెచ్చే పరదేశి వర్తకులను ఆదరించాలనీ కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెప్పాడు. గుర్రాలు శత్రువు చేతికి చిక్కకూడదన్నది ఆయన లెక్క.

ఈనాటి మాట చెప్పాలంటే, బెంగళూరు కుర్రాడు ఫవాద్ మిర్జా 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చాడు. 1982లో రఘుబీర్ సింగ్ స్వర్ణం తరువాత ఈ ఆటలో మనకు వచ్చిన మొదటి వ్యక్తిగత పతకం అదే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిస్తే, ఆ నలుగురిలో ఇద్దరు అమ్మాయిలు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. ఒలింపిక్స్‌లో ఆడా మగా విడివిడిగా కాక ఒకే పోటీలో తలపడే ఆట ఇది. గుర్రానికి ఎక్కినవాళ్ళు ఎవరన్న పట్టింపు లేదు, చేయి మెత్తనా కరుకా అన్నదే దానికి కావాలి.

అయితే ఖర్చు సంగతి దాచకూడదు. స్వారీ పాఠాల ఫీజు ఒక ఎత్తు, గుర్రాన్ని కొనడం వేరే ఎత్తు. పెద్ద గుర్రం రోజుకు తొమ్మిది, పది కిలోల మేత మేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు మార్చాలి. వైద్యుడు, సాయీసు, సాల, అన్నీ నెల తిరిగేసరికి బిల్లులే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. కాబట్టి నా సలహా ఇది. పాఠాలు చెప్పించండి, గుర్రం కొనకండి. మంచి శిరస్త్రాణం లేనిదే ఎక్కనివ్వకండి. ఎక్కడానికి ముందు సాల ఊడ్చి, ఒళ్ళు రుద్ది, దాణా పెట్టడం నేర్పే చోటే చేర్చండి. ఆరు నెలలు పేడ ఎత్తిన తరువాత కూడా పిల్ల వెళతానంటే అది నవల పిచ్చి కాదు, నిజమైన ఇష్టం.

చివరగా రాసే చేయి ఉన్న పాఠకులకు ఒక విన్నపం. తెల్లవారుజామున మలక్‌పేటలో గుర్రాలను నడిపించే సాయీసుల జీవితం, బరువు పెరగకుండా కడుపు మాడ్చుకునే జాకీల జీవితం, ఒక పందెంలో కాలు విరిగితే ముగిసిపోయే గుర్రాల జీవితం, ఇవన్నీ తెలుగు నవల కోసం ఎదురుచూస్తున్నాయి. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద ఏకంగా ఒక పద్యగ్రంథమే రాసిన భాష మనది. అలాంటి నవల మీరెవరైనా రాస్తే, చిత్తుప్రతి నాకు పంపండి. మొదటి పాఠకుణ్ణి నేనవుతాను, రెండో పాఠకురాలిగా ఒక పదమూడేళ్ళ పిల్ల సిద్ధంగా ఉంది. తెలుగు చదవడం ఆమెకు కాస్త నెమ్మదే. మంచి కథైతే దౌడు తీస్తుందని నా నమ్మకం.

వచ్చే సంచికలో మరో పుస్తకాల ముచ్చటతో కలుద్దాం. సెలవు.