స్టిక్కర్‌కు చోటేదీ?

కారుకైతే ముందు అద్దముంది, మరి బైకుకో? అమెరికా సైనిక స్థావరాల్లోకి వెళ్లడానికి ‘డీడీ 2220’ స్టిక్కర్ తప్పనిసరైన రోజుల్లో (ఆఫీసర్‌కు నీలం, సిపాయికి ఎరుపు, సివిలియన్ ఉద్యోగికి ఆకుపచ్చ) రైడర్లను వేధించిన ప్రశ్నిది. గేటు దగ్గరి కాపలాదారు కంటికి ఆనడం ఒక్కటే చాలదు. దాన్ని ఊడబెరికే రోజు గురించీ ఆలోచించాలి. బండి అమ్మితే గీకి తీయాల్సిందే. ట్యాంకు మీద అంటిస్తే గోటికి జిగురు వదలదు, బ్లేడు పెడితే పెయింటే లేస్తుంది. అందుకే ముందు ఫోర్కు కింది భాగమే సరైన చోటు. అక్కడ హెయిర్ డ్రయర్ వేడి తగిలితే అంచు లేస్తుంది, మిగిలిన జిగురు స్పిరిట్ గుడ్డకు వదిలిపోతుంది. మెరిసే జారుడు గొట్టానికి మాత్రం అసలు వద్దు, ఆయిల్ సీలు పాడవుతుంది.

2011లో నేవీ ఈ స్టిక్కర్లను ఆపేసింది. గేటు దగ్గర ఇప్పుడు చూసేది రైడర్ చేతిలోని గుర్తింపు కార్డునే.